డీప్‌ఫేక్‌ను చట్టం ఎక్కడ పట్టుకోవాలి?

ఒక మనిషి ముఖాన్నో గొంతునో కృత్రిమ మేధతో నిజమనిపించేలా కల్పించే డీప్‌ఫేక్ సాంకేతికతను ప్రభుత్వాలు నియంత్రించాలా, నియంత్రించదలిస్తే భావప్రకటన స్వేచ్ఛకు భంగం రాకుండా ఆ పని ఎలా చేయాలి అని మీరు అడిగారు. సైబర్ నేరాల బాధితుల తరఫున, అందులోనూ ఎక్కువగా మహిళల తరఫున, చాలాకాలంగా వాదిస్తున్న న్యాయవాదిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నియంత్రణ తప్పదు. ఒక మనిషి ముఖాన్నో గొంతునో ఆ మనిషి సమ్మతి లేకుండా వాడి చేసే హానిని చట్టం నేరుగా నేరంగా గుర్తించాలి. ఆ హాని జనంలోకి వెళ్లడానికి ఉన్న ఇరుకుదారులను, అంటే యాప్ స్టోర్లు, ప్రకటనల వ్యాపారం, డబ్బు చెల్లింపులు, వీడియోలను వ్యాప్తి చేసే వేదికలను, బాధ్యతలోకి తేవాలి. సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. ఏది నిజం, ఏది అబద్ధం అని తేల్చే అధికారాన్ని మాత్రం ఏ ప్రభుత్వం చేతిలోనూ పెట్టకూడదు.

సాఫ్ట్‌వేర్ జోలికి ఎందుకు పోకూడదో ముందు చెప్పాలి. ఈ వీడియోలకు మూలమైన పద్ధతుల్లో ఒకటి 2014లోనే పరిశోధనా పత్రంగా వెలువడింది. 2017 చివర్లో రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలో ఒక అజ్ఞాత వ్యక్తి నటీమణుల ముఖాలను అశ్లీల వీడియోలకు అతికించి పెట్టినప్పటి నుంచి డీప్‌ఫేక్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఇప్పుడు ఆ పని చేసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఇంటి కంప్యూటర్ మీద నడుస్తాయి. ఏ దేశ పార్లమెంటు చట్టం చేసినా అవి వెనక్కి రావు. పైగా అదే సాంకేతికత జబ్బు వల్ల మాట పోయిన రోగికి తన గొంతును తిరిగి ఇస్తోంది, సినిమాల డబ్బింగులో పెదవుల కదలికను మాటకు సరిపోల్చుతోంది. 2024 మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ ఇచ్చిన సూచనలో, పూర్తిగా పరీక్షించని కృత్రిమ మేధ నమూనాలను ప్రజలకు అందించే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న మాట ఉంది. విమర్శలు రావడంతో రెండు వారాల్లోనే, మార్చి 15న, ఆ షరతును ఉపసంహరించుకుంది. అలా వెనక్కి తగ్గడం సరైన పనే. అనుమతుల పద్ధతి నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థలను ఆపుతుంది తప్ప టెలిగ్రామ్ గ్రూపులో కూర్చుని బట్టలు తీసేసిన ఫొటోలు అమ్మేవాణ్ణి ఆపలేదు.

హాని అసలు ఎవరికి జరుగుతోందో చూస్తే నియంత్రణ ఎటు ఉండాలో కొంత తెలుస్తుంది. డీప్‌ట్రేస్ అనే సంస్థ 2019లో ఆన్‌లైన్‌లో దొరికిన 14,678 డీప్‌ఫేక్ వీడియోలను లెక్కించినప్పుడు వాటిలో 96 శాతం అశ్లీలమైనవేనని, సమ్మతి లేకుండా తయారైనవేనని తేల్చింది. టీవీ చర్చల్లో ఎన్నికల గురించి, యుద్ధాల గురించి ఎంత మాట్లాడుకున్నా, ఈ సాంకేతికత పుట్టిన దగ్గర నుంచి దీని మొదటి బాధితులు ఆడవాళ్లే. రష్మిక మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు అతికించిన క్లిప్పు 2023 నవంబరులో దేశమంతా తిరిగింది. ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేసి 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. ఆ నటి పేరిట నడుపుతున్న అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికి అతను ఆ వీడియో చేశాడని పోలీసులు చెప్పారు. ఐపీసీలోని ఫోర్జరీ సెక్షన్లు, ఐటీ చట్టంలో గుర్తింపు దొంగతనానికి సంబంధించిన 66సి, గోప్యతా భంగానికి సంబంధించిన 66ఇ సెక్షన్లు అందుకు సరిపోయాయి. అంటే నిందితుణ్ణి పట్టుకోవడానికి కొత్త చట్టం అవసరం పడలేదు. కావలసి వచ్చింది ఒక ప్రత్యేక పోలీసు విభాగం రెండు నెలలకు పైగా పట్టుబట్టి వెతకడం. ఒక డిగ్రీ కాలేజీ అమ్మాయి మండల కేంద్రంలోని పోలీసు స్టేషనుకు వెళ్తే ఆ పట్టుదల ఆమెకు దొరకదు. ఈ చర్చలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇదే.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో ఒక అనుభవం ఉంది. డీప్‌ఫేక్ మీద చట్టం ఎలా ఉండాలో మాట్లాడేవాళ్లు దాన్ని గుర్తు చేసుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు బయటపడ్డాయి. ఆత్మహత్యలు జరిగాయి, పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి అనేకమందిని అరెస్టు చేశారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే విషాదం కొనసాగింది. కొన్ని వేల రూపాయల అప్పు తీసుకున్న మనిషి ఫోనులోంచి కాంటాక్టులు, ఫొటోలు మొత్తం లాగేసుకోవడం, వాయిదా తప్పగానే ముఖాన్ని నగ్న చిత్రానికి మార్ఫింగ్ చేసి బంధువులకూ ఆఫీసు వాళ్లకూ పంపడం వాళ్ల పద్ధతి. అప్పటికి ఇప్పటి స్థాయి కృత్రిమ మేధ లేదు, మామూలు ఫొటో ఎడిటింగ్‌తోనే ప్రాణాలు పోయాయి. వరసగా అరెస్టులు జరిగినా ఒక యాప్ మూతపడితే ఇంకో పేరుతో మరొకటి వచ్చేది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు ఇచ్చి, అప్పు ఇచ్చే యాప్ ఫోనులోని ఫైళ్లను, కాంటాక్టుల జాబితాను, కాల్ వివరాలను తాకకూడదని చెప్పింది. అప్పు సొమ్ము మూడో మనిషి ఖాతా మీదుగా కాక నేరుగా రుణసంస్థ, రుణగ్రహీత ఖాతాల మధ్యనే నడవాలన్నది. 2023 మే చివరి నుంచి గూగుల్ తన ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణాల యాప్‌లకు ఫొటోలు, కాంటాక్టులు చూసే అనుమతిని నిలిపివేసింది.

ఆ వేధింపులు పూర్తిగా పోయాయని నేను అనను. లింకు ద్వారా పంపే యాప్ ఫైళ్లతో ఇప్పటికీ జరుగుతున్నాయి. అయితే నేరస్థుడికి ముడిసరుకు దొరికే దారినీ, సొమ్ము చేతికందే దారినీ మూసే పని ఈ రెండు చర్యలూ చేశాయి. మార్ఫింగ్ అనే పనిని నిర్వచించడానికి ఎవరూ ప్రయత్నించలేదు, ఫొటో ఎడిటర్లకు లైసెన్సులు పెట్టలేదు. డీప్‌ఫేక్ విషయంలోనూ ఇదే దారి పట్టాలని నా వాదన. అమ్మాయిల ఫొటోల్లో బట్టలు తీసేస్తామని చెప్పుకునే యాప్‌లు గాలిలోంచి ఊడిపడటం లేదు. వాటికి ప్రకటనలు కావాలి, చెల్లింపుల వ్యవస్థ కావాలి, సర్వర్లు కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నగర అటార్నీ 2024 ఆగస్టులో ఇటువంటి వెబ్‌సైట్ల నిర్వాహకులపై దావా వేశారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ తన వేదికల మీద ఇలాంటి యాప్‌కు ప్రకటనలు గుప్పించిన ఒక హాంకాంగ్ కంపెనీపై 2025 జూన్‌లో తానే కోర్టుకు వెళ్లింది. అంతకుముందు ఆ ప్రకటనలు ఆ వేదికల మీద నడిచాయన్న సంగతిని కూడా దీనితో పాటు చదువుకోవాలి. నగ్న చిత్రాల తయారీని ప్రధాన సేవగా అమ్మే యాప్‌కు ప్రకటన చోటు అమ్మినా, స్టోర్‌లో స్థానం ఇచ్చినా, చెల్లింపు గేట్‌వే సమకూర్చినా, తెలియజేసిన తర్వాత కూడా కొనసాగిస్తే ఆ సంస్థే జవాబుదారీ అవుతుందని మన చట్టం స్పష్టంగా చెప్పాలి. ఇది ఏ పౌరుడి మాటనూ ఆపదు, ఏ వ్యంగ్య చిత్రాన్నీ తొలగించదు.

ఇక చట్టంలోని అసలు లోటు గురించి. మన దగ్గర సెక్షన్లు చాలానే ఉన్నాయి. వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టంలోని 66డి వర్తిస్తుంది, అశ్లీల సమాచారాన్ని ప్రచురిస్తే 67, లైంగిక చర్యలతో కూడినదైతే 67ఎ వర్తిస్తాయి. కాని వీటిలో దేనికీ కేంద్రంగా స్త్రీ సమ్మతి లేదు. 67ఎ చూసేది ఆ వీడియోలో ఏముందన్నదాన్ని, అందులో కనిపించే మనిషి ఒప్పుకుందా లేదా అన్నది దానికి పట్టదు. అందువల్ల బాధితురాలి ఫిర్యాదు కాస్తా అశ్లీలత కేసుగా మారుతుంది, స్టేషనులోనూ కోర్టులోనూ ఆమె మీద జరిగిన దాడి వెనక్కి పోయి వీడియో ఎంత అసభ్యంగా ఉందన్న చర్చ ముందుకు వస్తుంది. 66ఇ సెక్షన్ సమ్మతి గురించి మాట్లాడుతుంది గాని, అది ఒక వ్యక్తి రహస్య శరీర భాగాల చిత్రాన్ని తీయడం, ప్రచురించడం గురించి రాసినది. శరీరం ఆమెది కాదు, ముఖం మాత్రమే ఆమెది అయినప్పుడు ఆ సెక్షన్ వర్తించదని వాదించడానికి ప్రతివాది న్యాయవాదికి తావు దొరుకుతుంది. ఇక కేవలం తయారుచేసి తన దగ్గర ఉంచుకుని, పంపుతానని బెదిరించే దశలో చాలా కేసులు బెదిరింపు సెక్షన్ల దగ్గరే ఆగిపోతాయి.

పిల్లల విషయంలో మన చట్టం ఈ పనిని ముందే సరిగ్గా చేసింది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణలో, అసలు బాలల చిత్రమేనని భ్రమ కలిగించే కంప్యూటర్ సృష్టి కూడా నిర్వచనంలోకి వచ్చింది. అటువంటిదాన్ని దగ్గర ఉంచుకోవడం గురించి సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో కఠినమైన తీర్పు ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన మరునాడు ఆ రక్షణ ఎందుకు మాయం కావాలో నాకు అర్థం కాదు. దక్షిణ కొరియాలో విద్యార్థినుల ముఖాలతో టెలిగ్రామ్ గ్రూపుల్లో జరిగిన ఘోరం బయటపడ్డాక, 2024 సెప్టెంబరులో అక్కడి పార్లమెంటు అటువంటి వీడియోలను తెలిసి కొన్నా, దాచుకున్నా, చూసినా కూడా మూడేళ్ల వరకు జైలు అని శాసించింది. బ్రిటన్ 2023లో పంచుకోవడాన్ని, 2025లో తయారుచేయడాన్ని కూడా నేరాల జాబితాలోకి తెచ్చింది. అమెరికాలో 2025 మే 19న సంతకమైన చట్టం నిజమైన వ్యక్తిగత చిత్రాలనూ కృత్రిమంగా చేసినవాటినీ ఒకే గాట కట్టింది. మనకు కావలసింది కూడా ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇటువంటి ఒక చిన్న సెక్షన్. గుర్తుపట్టగలిగే వ్యక్తి లైంగిక చిత్రాన్ని, అది అసలైనదైనా కల్పించినదైనా, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా తయారుచేయడం, పంచుకోవడం, పంచుకుంటానని బెదిరించడం నేరమని అది చెప్పాలి. ఇందులో సాంకేతికత పేరు రానవసరం లేదు. పదేళ్ల తర్వాత ఇంకేదో పద్ధతి వచ్చినా ఆ సెక్షన్ చెల్లుతుంది.

శిక్ష పడే లోపు ఆ వీడియో సంగతి ఏమిటన్నది బాధితురాలు నన్ను అడిగే మొదటి ప్రశ్న. నేరస్థుడు జైలుకు వెళ్లడం ఆమెకు రెండో విషయం. తన మేనమామ ఫోనులోకి అది చేరకముందే ఆగాలన్నది ఆమె ఆరాటం. 2021 ఐటీ నిబంధనలు నగ్న చిత్రాలపైనా, మార్ఫింగ్ చేసిన చిత్రాలపైనా బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలన్నాయి. 2026 ఫిబ్రవరి 10న నోటిఫై అయి 20వ తేదీ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఆ గడువును 2 గంటలకు కుదించాయి. ఈ విషయంలో గడువు తగ్గించడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే ఇక్కడ రెండో వైపు కాపాడవలసిన భావప్రకటన ఏదీ లేదు. లోపమల్లా, ఒక లింకు తీసేసిన గంటకే మరో పది లింకులు పుట్టడం. ఒక్కొక్కదానికి మళ్లీ ఫిర్యాదు రాస్తూ, ప్రతిసారీ ఆ వీడియోను తానే చూసి నిర్ధారించుకుంటూ కూర్చునే శిక్షను బాధితురాలికి వేయకూడదు. అమెరికా చట్టం 48 గంటల గడువే ఇచ్చినా, ఒకసారి తొలగించినదాని నకళ్లను కూడా వెతికి తీయడానికి తగిన ప్రయత్నం చేయాలని వేదికను ఆదేశించింది. చిత్రానికి డిజిటల్ వేలిముద్రను తయారుచేసి, చిత్రాన్ని ఎవరికీ పంపకుండా ఆ వేలిముద్రను మాత్రమే వేదికలకు అందించే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ 2021 నుంచి ఉంది. ఇందులో చేరడం ప్రస్తుతం వేదికల ఇష్టం మీద ఆధారపడి ఉంది. పెద్ద వేదికలన్నీ దీనిలోగాని, ఇటువంటి భారతీయ వ్యవస్థలోగాని తప్పనిసరిగా చేరాలని ఒక నిబంధన పెడితే, గడువును రెండు గంటల నుంచి ఇంకా తగ్గించడం కంటే వందరెట్లు మేలు జరుగుతుంది.

లేబుళ్ల గురించి నాకు అంత ఉత్సాహం లేదు. 2025 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో కృత్రిమంగా చేసిన దృశ్యం మీద కనీసం 10 శాతం మేర, ఆడియో అయితే మొదటి 10 శాతం నిడివిలో లేబుల్ ఉండాలన్నారు. తుది నిబంధనల్లో ఆ కొలత పోయింది. స్పష్టంగా కనిపించే లేబుల్, ఫైలులో ఇమిడి ఉండే గుర్తింపు సమాచారం ఉండాలన్న నియమం మిగిలింది. చైనా 2025 సెప్టెంబరు 1 నుంచి ఇటువంటి రెండు రకాల గుర్తులనూ తప్పనిసరి చేసింది. ఐరోపా కృత్రిమ మేధ చట్టంలోని 50వ అధికరణం కూడా డీప్‌ఫేక్ అని తెలియజేయాలంటుంది, కళ, వ్యంగ్యం విషయంలో ఆ బాధ్యతను తేలిక చేస్తుంది. నిజాయితీగా పనిచేసేవాళ్లందరూ లేబుల్ పెడతారు, మోసగాడు పెట్టడు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి ఫైలులోని సమాచారం చాలాసార్లు చెరిగిపోతుంది, స్క్రీన్ రికార్డు చేస్తే అసలే ఉండదు. కొంతకాలానికి జనం లేబుల్ లేనిదంతా నిజమని అనుకునే అలవాటు పడితే మోసగాడికి అది మేలే చేస్తుంది. లేబుల్ వద్దని నేను అనడం లేదు. పోస్టర్లు, ప్రచార వీడియోలు తయారుచేసే సంస్థలకు అది మంచి క్రమశిక్షణ. దానితోనే పని అయిపోయిందని ప్రభుత్వం అనుకోకూడదు.

లేబుల్ కంటే ముందు రావలసినది అనుమతి. తెలుగువాళ్లకు ఇది బాగా అర్థమయ్యే ఉదాహరణతో చెప్పవచ్చు. 2020లో మనకు దూరమైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఒక తెలుగు సినిమా కోసం కృత్రిమ మేధతో మళ్లీ సృష్టించారని, కుటుంబాన్ని అడగలేదని ఆయన కుమారుడు చరణ్ ఆ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపిన విషయం 2024లో వార్తల్లోకి వచ్చింది. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటలో దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను వాడి, వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం కూడా ఇచ్చామని ప్రకటించారు. రెండింటిలోనూ సాంకేతికత ఒకే రకం. ఒకదానిలో కుటుంబం నొచ్చుకుంది, రెండోదానిలో గౌరవంగా భావించింది.

ప్రముఖులకైతే కోర్టులు ఇప్పుడు వేగంగానే స్పందిస్తున్నాయి. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్‌కు, 2025 సెప్టెంబరులో అక్కినేని నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు వ్యక్తిత్వ హక్కుల రక్షణ, అంటే వారి పేరు, రూపం, గొంతును ఇతరులు అనుమతి లేకుండా వాడుకోకుండా రక్షణ కల్పించింది. అదే నెలలో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు చిరంజీవికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. అవి సమంజసమైన ఉత్తర్వులే. అయినా వాటి పునాది ఎక్కువగా పేరుప్రతిష్ఠల వాణిజ్య విలువ మీద ఉండటం గమనించాలి. ముఖానికి మార్కెట్ విలువ లేని మనిషికి ఆ తర్కం అంతగా ఉపయోగపడదు, ఢిల్లీలో సీనియర్ న్యాయవాదిని పెట్టుకునే స్తోమతా ఉండదు. డెన్మార్క్ ప్రభుత్వం 2025లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రతి పౌరుడికీ తన ముఖం, గొంతు, శరీరం మీద హక్కు ఇవ్వాలని ప్రతిపాదించింది. ఉద్దేశం మంచిదే గాని, ముఖాన్ని ఆస్తిగా చేస్తే అది అమ్ముడుపోయే సరుకు కూడా అవుతుంది. కొత్త నటుడు మొదటి ఒప్పందంలోనే దాన్ని శాశ్వతంగా రాసి ఇచ్చేయవలసిన పరిస్థితి వస్తుంది. సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ పునాది మీద, జిల్లా కోర్టులోనే తక్కువ ఫీజుతో, బాధితురాలి పేరు బయటికి రాకుండా, కొద్ది రోజుల్లో తొలగింపు ఉత్తర్వు, నష్టపరిహారం పొందే పద్ధతిని పార్లమెంటు ఏర్పరచాలని నేను కోరుకుంటాను.

అన్నిటికన్నా కష్టమైన భాగం రాజకీయం. ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా ఉండాలంటాను. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో పెద్ద గొడవకు కారణమైనది డీప్‌ఫేక్ కాదు. రిజర్వేషన్ల గురించి కేంద్ర హోంమంత్రి చేసిన ప్రసంగాన్ని కత్తిరించి అతికించి అర్థం మార్చిన వీడియో అది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి తెలంగాణ ముఖ్యమంత్రికి కూడా నోటీసు పంపేదాకా వెళ్లింది. దానికి కృత్రిమ మేధ అవసరం రాలేదు. మరో వైపు, 2020 ఢిల్లీ ఎన్నికల్లో ఒక పార్టీ తన నాయకుడు మనోజ్ తివారీ చేత హర్యాన్వీలో మాట్లాడించినట్టు కృత్రిమంగా వీడియో చేసి ప్రచారానికి వాడుకుంది. 2024లో తమిళనాడులో దివంగత కరుణానిధిని తెర మీద మాట్లాడించారు. ఇవి రెండూ డీప్‌ఫేక్‌లే, వాటిని చేసినది ఆ నాయకుల సొంత పక్షాలే. కాబట్టి ఎన్నికల్లో సాంకేతికతను గీటురాయిగా పెట్టుకుంటే హాని చేసినది తప్పించుకుంటుంది, హాని లేనిది దొరుకుతుంది.

గీటురాయిగా సత్యాన్ని పెట్టుకుందామంటే, దాన్ని తేల్చేది ఎవరన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. 2023లో కేంద్రం, తన పనితీరు గురించి వచ్చే సమాచారంలో ఏది తప్పుడుదో నిర్ణయించే ఫ్యాక్ట్‌చెక్ విభాగాన్ని తానే పెట్టుకునేలా ఐటీ నిబంధనలను సవరించింది. బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో ఆ సవరణను కొట్టివేసింది. అంతకు ముందు, 2015లో, శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను రద్దు చేసింది. ఆ సెక్షన్ కింద కార్టూన్లు పంచుకున్నవాళ్లను, ఫేస్‌బుక్‌లో పోస్టు రాసిన ఒక అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన మరో అమ్మాయినీ అరెస్టు చేసిన రోజులు మనం మరవకూడదు. తమ నాయకుణ్ణి నొప్పించిన ప్రతి వీడియోనూ డీప్‌ఫేక్ అనడానికి ఇవాళ ఏ పార్టీ కార్యకర్తా వెనకాడడు, అధికారంలో ఎవరున్నా ఇది మారదు. కాలిఫోర్నియాలో 2024లో ఎన్నికల డీప్‌ఫేక్‌లపై తెచ్చిన చట్టం, ఒక అధ్యక్ష అభ్యర్థిపై చేసిన వ్యంగ్య వీడియో కారణంగా కోర్టుకెక్కింది. వ్యంగ్యాన్నీ రాజకీయ విమర్శనూ అది అణిచివేస్తుందని ఫెడరల్ న్యాయమూర్తి 2025లో దాన్ని చెల్లదన్నారు.

ఈ కారణంగానే 2026 ఫిబ్రవరి సవరణల్లోని మరో అంశాన్ని నేను వ్యతిరేకిస్తాను. ప్రభుత్వం లేదా కోర్టు ఆదేశిస్తే సమాచారాన్ని తొలగించడానికి అంతకుముందు ఉన్న 36 గంటల గడువును అవి 3 గంటలకు తగ్గించాయి. నగ్న చిత్రానికి తొందర అవసరం. ప్రభుత్వాన్ని విమర్శించే వీడియోకు, లేదా విమర్శనో కల్పనో తేలనిదానికి, అదే తొందర పెడితే వేదికలోని ఉద్యోగి చదవడు, ఆలోచించడు, తీసేస్తాడు. మాట వినకపోతే, ఇతరులు పెట్టిన సమాచారానికి వేదికను బాధ్యురాలిని చేయకుండా ఐటీ చట్టంలోని సెక్షన్ 79 ఇచ్చే రక్షణ పోతుందన్న భయం అతనికి ఉంటుంది. ఆదేశాలు ఇచ్చే అధికారి హోదాను పెంచుతూ, కారణాలు రాయాలంటూ 2025 అక్టోబరులో చేసిన మార్పు ఒక మెట్టు ముందుకే. కాని ఆ ఆదేశాలు ప్రజలకు కనిపించవు, వీడియో పెట్టిన మనిషి వాదన ముందుగా ఎవరూ వినరు. రాజకీయ ప్రసంగంలో నేను అంగీకరించగల నియంత్రణ చాలా ఇరుకైనది. పోలింగు తేదీ, కేంద్రం, పద్ధతి గురించి ఓటర్లను దారితప్పించేవి, అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నట్టు ఆ అభ్యర్థి ముఖంతోనే చెప్పించేవి, పోలింగుకు ముందు నిశ్శబ్ద వ్యవధిలో అభ్యర్థి నోట కల్పిత మాటలు పెట్టేవి మాత్రమే అందులోకి రావాలి. 2023 సెప్టెంబరులో స్లొవేకియాలో పోలింగుకు రెండు రోజుల ముందు, ప్రచార నిషేధం మొదలయ్యాక, ఒక పార్టీ నాయకుడి గొంతుతో కల్పిత ఆడియో వ్యాపించింది. జవాబు చెప్పుకునే సమయం లేని ఆ వ్యవధిలోనే ప్రమాదం ఎక్కువ. అటువంటి ఆదేశం కూడా ఎన్నికల సంఘం నుంచే రావాలి, కారణాలతో సహా ఆ రోజే బహిరంగంగా ప్రకటించాలి.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది. కల్పితం నిజంలా కనిపించడం ఎంత ప్రమాదమో, నిజాన్ని కల్పితమని కొట్టిపారేయడం అంతే ప్రమాదం. 2023లో తమిళనాడు ఆర్థిక మంత్రిగా ఉన్న పళనివేల్ త్యాగరాజన్ గొంతుతో రెండు ఆడియో క్లిప్పులు వచ్చినప్పుడు ఆయన అవి కృత్రిమంగా చేసినవన్నారు. ఒక వార్తా సంస్థ స్వతంత్ర నిపుణులతో పరీక్ష చేయిస్తే మొదటిదానిపై స్పష్టత రాలేదు, రెండోది అసలైనదేనని వారు అభిప్రాయపడ్డారు. లంచం అడుగుతూ దొరికిన అధికారి, భార్యను బెదిరించిన భర్త రేపు కోర్టులో ఇదే మాట అంటారు. భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హ్యాష్ విలువతో, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే డిజిటల్ వేలిముద్రతో, కూడిన ధ్రువపత్రం అడుగుతుంది. అది ఫైలు మారలేదని చెబుతుంది గాని, ఆ ఫైలులో ఉన్నది మొదటి నుంచీ కల్పితమా అన్నది చెప్పదు. ఆ పని ఫోరెన్సిక్ ల్యాబుది. నివేదికల కోసం నెలల తరబడి ఎదురుచూసే పరిస్థితిలో ఉన్న ల్యాబులకు తెలుగు గొంతుల మీద, వాట్సాప్‌లో నలిగి నాణ్యత పోయిన ఆడియో మీద పరీక్షించిన పరికరాలు, మనుషులు కావాలి. చట్టం రాయడానికి పైసా ఖర్చు కాదు, దీనికి బడ్జెట్ కావాలి. అందుకే ప్రభుత్వాలు మొదటిదానికి మొగ్గుతాయని నా అనుమానం.

డబ్బు మోసాల మీద క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ దారి స్పష్టంగానే ఉంది. 2023 జులైలో కోళికోడ్‌లో ఒకరికి పాత సహోద్యోగి ముఖంతో వాట్సాప్ వీడియో కాల్ చేసి 40,000 రూపాయలు కాజేశారు. హాంకాంగ్‌లో ఒక సంస్థ ఉద్యోగి వీడియో సమావేశంలో తన పైఅధికారులను చూశాననుకుని సుమారు 2.5 కోట్ల డాలర్లు పంపేశాడు. రిజర్వు బ్యాంకు 2024 నవంబరులో తన గవర్నర్ పేరిట తిరుగుతున్న పెట్టుబడి సలహాల వీడియోలు కల్పితాలని హెచ్చరించింది. ఆ వీడియోల్లో చాలామటుకు డబ్బు కట్టి వేయించిన ప్రకటనలుగా మన ముందుకు వస్తున్నాయి. ప్రకటనకు డబ్బు తీసుకున్న వేదిక ప్రకటనదారు ఎవరో నిర్ధారించుకోకపోతే, నష్టంలో భాగం భరించాలని చట్టం చెప్పాలి.

ఈ చట్టాలన్నీ వచ్చే దాకా ఆగలేని స్థితిలో దీన్ని ఎవరైనా చదువుతుంటే, ఆ మనిషికి నాలుగు మాటలు చెప్పాలి. భయంతో వీడియోను, సందేశాలను డిలీట్ చేయకండి. లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. బెదిరించేవాడికి డబ్బు పంపకండి, పంపినా వాడు ఆగడు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. డబ్బు పోయినట్లయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్మును ఖాతాల్లో నిలిపివేసే అవకాశం తగ్గిపోతుంది. వేదిక గ్రీవెన్స్ అధికారికి రాసిన ఫిర్యాదు నంబరు జాగ్రత్త చేసుకోండి. వాళ్లు తోసిపుచ్చినా, గడువులో స్పందించకపోయినా 2023లో ఏర్పాటైన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపి, రసీదు ఉంచుకోండి. మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవలసి వస్తే మొదట అడిగేది ఆ రసీదునే.